పిల్లల కారు సీటు: ఎంచుకోవడం ఒక ఎత్తు, సరిగా బిగించడం మరో ఎత్తు

బిడ్డకు అమ్మ ఒడిని మించిన భద్రమైన చోటు లేదన్న నమ్మకం కదులుతున్న కారులో మాత్రం చెల్లదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా ఢీకొని, సెకనులో పదో వంతు కాలంలో నిలిచిపోయిందనుకుందాం. కారు ఆగినా, లోపల ఉన్న మనుషులు అదే వేగంతో ముందుకు సాగుతూనే ఉంటారు; వాళ్లను ఏదో ఒకటి పట్టి ఆపాలి. పది కిలోల బిడ్డను అంత తక్కువ వ్యవధిలో ఆపాలంటే, దాదాపు 140 కిలోల బరువును పట్టి నిలపడానికి ఎంత బలం కావాలో అంత బలం కావాలి. అది మనిషి చేతుల వల్ల అయ్యే పని కాదు. పైగా ప్రమాదం ఫలానా క్షణంలో వస్తుందని తెలిసి చేతులు బిగించుకునే వ్యవధి ఎవరికీ దొరకదు. ఆ వేగం ఎంతటిదో మరోలా చూడవచ్చు: దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు నుంచి, జారిన వస్తువు నేలను తాకేటప్పుడు సరిగ్గా ఆ వేగంతోనే ఉంటుంది. బిడ్డను ఒడిలో పెట్టుకుని తమ బెల్టులోనే కలిపి బిగించుకోవడం ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అప్పుడు పెద్దవారి శరీర భారం మొత్తం బెల్టుకూ తమకూ మధ్య నలిగే ఆ చిన్న శరీరం మీదనే పడుతుంది.

పిల్లల కోసం కారులో విడిగా బిగించే సీటు ఈ బలాన్ని మాయం చేయదు. దాన్ని కొంచెం ఎక్కువ కాలం మీద, శరీరంలో గట్టిగా ఉన్న భాగాల మీద, వీలైనంత విశాలంగా పరుస్తుంది. ప్రయాణికుల కార్లలో సరైన సీటు వాడినప్పుడు ఏడాది లోపు పిల్లల్లో ప్రాణాపాయం 71 శాతం, ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లో 54 శాతం తగ్గుతుందని అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ అంచనా. ఇంత మేలు చేసే వస్తువు మరొకటి దొరకడం కష్టం. అయితే అదే సంస్థ పరిశీలించినప్పుడు దాదాపు 46 శాతం సీట్లు, బూస్టర్ల (కాస్త పెద్ద పిల్లలను ఎత్తుగా కూర్చోబెట్టే పీఠాల) వాడకంలో ఏదో ఒక తప్పు కనిపించింది. ఈ రెండో అంకెను కాసేపు మనసులో ఉంచుకోమని కోరుతున్నాను. ఏ సీటు కొనాలన్న ప్రశ్న మీద తల్లిదండ్రులు వారాల తరబడి ఆలోచిస్తారు. కొన్న సీటును బిగించడానికి మాత్రం బయలుదేరే ముందు ఐదు నిమిషాలు కేటాయిస్తారు. ఈ రెండింటికీ పెట్టే శ్రద్ధ తలకిందులు కావాలన్నది నా దృఢమైన అభిప్రాయం.

వెనక్కి చూస్తూ కూర్చోవడం ఎందుకు

పసిపిల్లలు పెద్దవాళ్లకు చిన్న నమూనాలు కారు. అప్పుడే పుట్టిన బిడ్డ పొడవులో తల ఒక్కటే నాలుగో వంతు ఉంటుంది. అంత బరువైన తలను మోసే మెడలో వెన్నుపూసలు పూర్తిగా ఎముకగా మారి ఉండవు. వాటి ముక్కల మధ్య ఇంకా మెత్తని మృదులాస్థి ఉంటుంది, వాటిని కలిపి పట్టే స్నాయువులు సాగే గుణంతో వదులుగా ఉంటాయి. ముఖం కారు ముందుకు ఉండేలా కూర్చున్న పసిబిడ్డకు ఎదురుదెబ్బ తగిలితే, బెల్టులు మొండేన్ని పట్టి ఆపుతాయి గాని తలను పట్టేది ఏదీ ఉండదు. తల ముందుకు విసిరినట్లు వెళ్తుంది, ఆ లాగుడు అంతా మెడ మీద పడుతుంది. వెన్నెముక సాగినంతగా లోపలి వెన్నుపాము సాగలేదు.

అదే బిడ్డ ముఖం కారు వెనుక అద్దం వైపు ఉంటే కథ మారిపోతుంది. అప్పుడు తల, మెడ, వీపు మూడూ ఒకేసారి సీటు తొట్టిలోకి ఒత్తుకుంటాయి. బలం వీపంతా పరుచుకుంటుంది, మెడ విడిగా లాగబడదు. ఈ ఆలోచనను 1960లలో స్వీడన్‌కు చెందిన వైద్యుడు, పరిశోధకుడు బెర్టిల్ ఆల్డ్‌మన్ ముందుకు తెచ్చారు. రాకెట్ ఎగిరేటప్పుడు వ్యోమగాములు ఆ ఒత్తిడిని వీపుతో తట్టుకునేలా పడుకుని ఉండటం ఆయనకు ఈ ఊహనిచ్చింది. 1964లో తొలి నమూనా సీటును పరీక్షించారు. స్వీడన్‌లో నేటికీ పిల్లలు నాలుగేళ్ల వరకు వెనక్కి చూస్తూ ప్రయాణించడం మామూలు విషయం. అమెరికా శిశువైద్యుల అకాడమీ కూడా 2018 నుంచి ఫలానా వయసు అన్న గీత గీయకుండా, సీటు అనుమతించే గరిష్ఠ ఎత్తు లేదా బరువు వచ్చేదాకా వెనక్కి చూసేలానే కూర్చోబెట్టమని చెబుతోంది.

కాళ్లు మడుచుకోవలసి వస్తోందని చాలామంది తల్లిదండ్రులు సీటును తొందరపడి ముందుకు తిప్పేస్తారు. వారి బాధ అర్థం చేసుకోదగినదే, కాని పిల్లలు నేల మీద బాసింపట్టు వేసుకుని గంటల తరబడి ఆడుకుంటారు. మోకాళ్లు మడవడం మనకు ఇబ్బందిగా తోస్తుంది గాని వాళ్లకు కాదు. వెనక్కి చూసే సీటు చిన్నదైపోయిందని కాళ్లను చూసి కాదు, తలను చూసి తెలుసుకోవాలి. నడినెత్తికీ సీటు పై అంచుకూ మధ్య రెండున్నర సెంటీమీటర్ల ఖాళీ కూడా మిగలకపోతే, లేదా బరువు సీటు మీద రాసిన పరిమితిని దాటితే, అప్పుడే మార్చాలి.

ఒక్క విషయంలో మాత్రం మినహాయింపు అంటూ లేదు. ముందు సీటులో, పనిచేస్తున్న ఎయిర్‌బ్యాగ్ ఎదుట, వెనక్కి చూసే సీటును ఎప్పటికీ పెట్టకూడదు. అలా పెట్టినప్పుడు బిడ్డ తల వెనుక భాగం డ్యాష్‌బోర్డుకు అంగుళాల దూరంలోనే ఉంటుంది. కన్ను మూసి తెరిచేలోగా పేలుతూ విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ నేరుగా ఆ సీటును కొడుతుంది. పెద్దవాళ్లను కాపాడే పరికరమే అక్కడ ప్రాణం తీస్తుంది.

లేబుల్ చెప్పే సంగతులు

ప్రపంచంలో ఎక్కువ భాగం వాడే ఐక్యరాజ్యసమితి ప్రమాణాలు రెండు. పాతది ఆర్ 44. అది పిల్లలను బరువును బట్టి వర్గాలుగా విడదీసింది. కొత్తది 2013లో అమలులోకి వచ్చిన ఆర్ 129. ఐ-సైజ్ అన్న పేరు దీనిలో భాగమే. ఇది ప్రధానంగా ఎత్తును కొలతగా తీసుకుంటుంది, 15 నెలలు దాటేదాకా వెనక్కి చూసి కూర్చోవడాన్ని తప్పనిసరి చేస్తుంది, పాత ప్రమాణంలో లేని పక్కదెబ్బ పరీక్షను కూడా అడుగుతుంది. ఐరోపా సమాఖ్యలో పాత ప్రమాణపు కొత్త సీట్ల అమ్మకం 2024 సెప్టెంబరుతో ఆగిపోయింది. ఎత్తును కొలతగా పెట్టడం నా దృష్టిలో మంచి మార్పు, ఎందుకంటే ఇంట్లో గోడ మీద గీత గీసి బిడ్డ ఎత్తును గుర్తుంచుకున్నంత తేలికగా బరువును ఎవరూ గుర్తుంచుకోరు.

ఈ ప్రమాణాలు పాటించిన సీటు మీద నారింజ రంగు లేబుల్ ఉంటుంది. దానిలో గుండ్రని గీత మధ్య ఉండే 'ఇ' అక్షరం పక్కన ఒక అంకె కనిపిస్తుంది. అది నాణ్యతకు ఇచ్చిన మార్కు అని పొరబడేవాళ్లు ఉన్నారు. అది ఆమోదం ఇచ్చిన దేశపు సంఖ్య మాత్రమే. ఒకటి అంటే జర్మనీ, నాలుగు అంటే నెదర్లాండ్స్. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వంటి దేశాలకు తమ సొంత ప్రమాణాలు ఉన్నాయి కాబట్టి, ఒక దేశంలో కొన్న సీటు మరో దేశంలో చట్టానికి సరిపోతుందన్న హామీ లేదు. లేబులే లేని సీటు ఎంత మెత్తగా, ఎంత అందంగా ఉన్నా దాన్ని పరీక్షించని వస్తువుగానే చూడాలి.

పుట్టిన నాటి నుంచి పన్నెండేళ్ల దాకా ఒకే సీటు అని అమ్మే రకాల గురించి ఒక మాట. అవి చెడ్డవి కావు. కాని ఇన్ని వయసులకు సర్దుకోవాలంటే ఎక్కడో ఒక దశలో రాజీ తప్పదు, చాలా సందర్భాల్లో ఆ రాజీ పడేది అప్పుడే పుట్టిన బిడ్డ దగ్గర, లేదా చివరి బూస్టర్ దశ దగ్గర. అందువల్ల ఈ రోజు బిడ్డ ఎత్తుకు ఏది సరిగా ఒదుగుతుందన్నదే మొదటి ప్రశ్న కావాలి.

మీ కారు దేనికి ఒప్పుకుంటుంది

సీటు ఎంత మంచిదైనా మీ కారు వెనుక సీటులో ఒదగకపోతే ప్రయోజనం లేదు. 1999లో అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడిన ఐసోఫిక్స్ ఏర్పాటులో కారు సీటు వెనుభాగమూ అడుగుభాగమూ కలిసే సందులో రెండు లోహపు కడ్డీలు ఉంటాయి. వాటి మధ్య దూరం 280 మిల్లీమీటర్లు, ఒక్కో కడ్డీ మందం ఆరు మిల్లీమీటర్లు. పిల్లల సీటు అడుగున ఉండే రెండు కొక్కేలు వీటిని పట్టుకుంటాయి. ఈ రెండు బిందువుల మీదనే ఆధారపడితే ప్రమాద సమయంలో సీటు ముందుకు దొర్లుతుంది కాబట్టి మూడో ఆధారం కావాలి. అది కారు నేల మీద నిలబడే సపోర్ట్ లెగ్ కావచ్చు, లేదా సీటు పైభాగం నుంచి కారు వెనుక భాగంలోని కొక్కేనికి బిగించే టాప్ టెదర్ పట్టీ కావచ్చు.

ఈ మూడో ఆధారం దగ్గరే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. కొన్ని కార్లలో వెనుక సీటు పాదాల దగ్గర నేలలో మూతపెట్టిన సామాను పెట్టె ఉంటుంది. సపోర్ట్ లెగ్ ఆ మూత మీద నిలబడితే దెబ్బ తగిలినప్పుడు మూత కుంగిపోతుంది. అటువంటి చోట ఆ సీటు వాడవచ్చో లేదో కారు పుస్తకమే చెప్పాలి. టాప్ టెదర్ విషయంలో, డిక్కీలో సామాను కట్టే కొక్కేన్ని చూసి దానికే తగిలించేవాళ్లు ఉన్నారు. ఆ కొక్కెం అంత బలాన్ని ఆపడానికి చేసినది కాదు. అసలైన టెదర్ కొక్కెం దగ్గర సాధారణంగా లంగరు గుర్తు ముద్రించి ఉంటుంది. ముందుకు చూసే సీటుకు ఈ పట్టీ బిగిస్తే ప్రమాదంలో తల ముందుకు వెళ్లే దూరం పది పదిహేను సెంటీమీటర్ల మేర తగ్గుతుంది. ముందు సీటు వెనుభాగానికి తల తగలడానికీ తగలకపోవడానికీ మధ్య తేడా తరచుగా ఆ కొద్ది దూరమే.

ఐసోఫిక్స్‌కు బరువు పరిమితి కూడా ఉంది. ఐ-సైజ్ లెక్కలో హార్నెస్, అంటే బిడ్డను పట్టి ఉంచే సొంత పట్టీలు, ఉన్న సీటు బరువూ బిడ్డ బరువూ కలిపి 33 కిలోలు దాటకూడదు. సీటే 13 కిలోలు ఉంటే బిడ్డకు మిగిలేది 20 కిలోలు. ఈ కూడిక చాలామంది చేయరు.

ఇక నడి సీటు. ఏ వైపు తలుపుకైనా దూరంగా ఉంటుంది కాబట్టి పక్కదెబ్బల నుంచి అదే భద్రమన్నది సూత్రం. ఆచరణలో చాలా కార్లలో నడి సీటు ఇరుకుగా, కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది, అక్కడ ఐసోఫిక్స్ కడ్డీలు ఉండవు, పాత కార్లలోనైతే నడుముకు మాత్రమే బెల్టు ఉంటుంది. నడి సీటులో వదులుగా ఉన్న సీటు కంటే కిటికీ పక్కన గట్టిగా బిగిసిన సీటు మేలు. కొనే ముందు సీటును కారులో పెట్టి చూసుకునే అవకాశం అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు. డ్రైవరు సీటును మామూలుగా వాడే స్థానంలో ఉంచే ఆ పరీక్ష చేయాలి.

బిగించడం

ఐసోఫిక్స్ లేని కారు అంటే భద్రత లేని కారు అని అనుకోనక్కరలేదు. సీటు బెల్టుతో సరిగా బిగించిన సీటు కూడా గట్టిగానే నిలుస్తుంది; తప్పు జరిగే అవకాశాలు మాత్రం ఎక్కువ. చాలా సీట్ల మీద బెల్టు ఏ దారిలో వెళ్లాలో రంగులతో గుర్తులు ఉంటాయి: వెనక్కి చూసేటప్పుడు నీలం, ముందుకు చూసేటప్పుడు ఎరుపు. మా బిడ్డ సీటును మొదటిసారి బిగించినప్పుడు నేను ఎరుపు గుర్తుల వెంట బెల్టును పోనిచ్చాను, సీటు వెనక్కి చూస్తూ ఉండగానే. పైకి చూస్తే గట్టిగా ఉన్నట్లే అనిపించింది. రెండు రోజుల తర్వాత పుస్తకంలోని బొమ్మను మళ్లీ చూసినప్పుడు గాని ఆ తప్పు తెలియలేదు, ఆ రెండు రోజులూ మేము కారులో తిరిగాము. చేతికి గట్టిగా తగలడమూ, సరిగా ఉండటమూ ఒకటి కాదని అప్పుడు అర్థమైంది.

బెల్టును దారిలో పోనిచ్చి బకిల్ పెట్టిన తర్వాత, సీటు మీద మోకాలో చేతి బరువో మోపి కారు మెత్తలోకి నొక్కుతూ బెల్టులోని వదులంతా లాగాలి. ఆ తర్వాత బెల్టు జారకుండా తాళం పడాలి. కొన్ని కార్లలో బెల్టును చివరిదాకా మెల్లగా బయటకు లాగి వదిలితే అది టిక్కుటిక్కుమంటూ లోపలికి వెళ్తూ బిగుసుకుంటుంది. ఆ ఏర్పాటు లేని కార్లలో పిల్లల సీటుకే బెల్టును పట్టే బిగింపు ఉంటుంది. అయ్యాక బెల్టు సీటులోకి దూరే చోట పట్టుకుని, ఒంటి చేత్తో మామూలు బలంతో పక్కలకూ ముందువెనకలకూ కదిపి చూడాలి. రెండున్నర సెంటీమీటర్ల కంటే ఎక్కువ కదలకూడదు. సీటు తలవైపు అంచును పట్టుకుని ఊపి చూస్తే వెనక్కి చూసే ఏ సీటైనా కొంత ఊగుతుంది, దాన్ని చూసి కంగారు పడవద్దు.

కొన్నిసార్లు ఎంత లాగినా బెల్టు బిగియదు. కారణం వెతికితే, కారు బకిల్ కాడ పొడవుగా ఉండి, బకిల్ సరిగ్గా పిల్లల సీటు అంచు మీద వాలి ఉంటుంది. అది మన చేతిబలంతో సరిచేయగలిగేది కాదు. అలాంటి చోట వేరే వైపు సీటు ప్రయత్నించాలి, లేదా వేరే సీటు తీసుకోవాలి. గట్టిదనం రెట్టింపవుతుందని ఐసోఫిక్సునూ బెల్టునూ కలిపి వాడటం మరో పొరపాటు. సీటు పుస్తకం స్పష్టంగా అనుమతిస్తే తప్ప ఆ రెండింటిలో ఒక్కటే వాడాలి, ఎందుకంటే సీటును పరీక్షించింది అలాగే.

వాలు కోణం పసికందుల విషయంలో ఊపిరికి సంబంధించిన సంగతి. సీటు మరీ నిటారుగా ఉంటే నిలబెట్టుకోలేని తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆనుకుని, శ్వాసనాళం నొక్కుకుపోతుంది. అందుకే సీటు పక్కన ఉండే వాలు గుర్తును, కారు చదునైన నేల మీద ఉన్నప్పుడు, తప్పక చూడాలి. సరైన వాలులో ఉన్నా శిశువులను రెండు గంటలకు మించి ఏకధాటిగా కూర్చోబెట్టకూడదు. ఇంటికి చేరాక నిద్ర చెడుతుందని సీటులోనే వదిలేయడం కూడా మంచిది కాదు. అది మంచం కాదు. నెలలు నిండక పుట్టిన బిడ్డ సీటులో ఆక్సిజన్ తగ్గకుండా ఉండగలదా అన్నది ఆసుపత్రి నుంచి పంపే ముందే వైద్యులను అడిగి తెలుసుకోవాలి.

బిడ్డను కూర్చోబెట్టేటప్పుడు

సీటు బిగింపు ఒకసారి చేసే పని. హార్నెస్ బిగింపు ప్రతి ప్రయాణంలోనూ చేసే పని. అందుకే అశ్రద్ధ ముందుగా ఇక్కడే చోటు చేసుకుంటుంది. వెనక్కి చూసే సీటులో భుజం పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గాని, కొంచెం కింద నుంచి గాని రావాలి. ముందుకు చూసే సీటులో భుజాల ఎత్తులో లేదా కొంచెం పైనుంచి రావాలి. మొదటి సందర్భంలో బిడ్డ దెబ్బకు సీటు వెంట పైకి జారకుండా పట్టాలి, రెండో సందర్భంలో భుజాలను కిందికి నొక్కి వెన్నెముకను కుదించకుండా పట్టాలి. కారణం తెలిస్తే ఈ నియమం మరిచిపోము. పట్టీ బిగించాక భుజం దగ్గర బొటనవేలు, చూపుడువేలితో పట్టీని నిలువుగా మడతపెట్టి గిల్లి చూడాలి. మడత చేతికి దొరికితే ఇంకా వదులుగా ఉన్నట్లే. ఛాతీ క్లిప్ ఉన్న సీట్లలో అది చంకల మట్టానికి ఉండాలి, పొట్ట మీద కాదు.

మందపాటి చలికోటు మీద పట్టీ బిగిస్తే అది బిగుతుగా కనిపిస్తుంది, కాని దెబ్బ పడినప్పుడు కోటులోని దూది, గాలి ఒక్కసారిగా అణిగిపోయి పట్టీకీ ఒంటికీ మధ్య పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. కోటు తీసి, పట్టీలు బిగించి, ఆ పైన దుప్పటి కప్పితే బిడ్డకు వెచ్చదనమూ దక్కుతుంది. సీటుతో రాని మెత్తలు, భుజం తొడుగులు, వీపు కింద పెట్టే దిండ్లు కూడా ఇటువంటి ఖాళీలనే సృష్టిస్తాయి.

వాడిన సీటు విషయంలో ఒకే ప్రశ్న: దాని చరిత్ర మీకు పూర్తిగా తెలుసా? తోబుట్టువు వాడినదై, ప్రమాదంలో పడనిదై, పుస్తకమూ భాగాలూ అన్నీ ఉండి, అడుగున ముద్రించిన గడువు తీరకపోతే వాడుకోవచ్చు. ఎండకూ చలికీ ప్లాస్టిక్కు పెళుసెక్కుతుంది కాబట్టే తయారీదారులు సాధారణంగా ఆరు నుంచి పదేళ్ల మధ్య గడువు పెడతారు. ముక్కూ మొహం తెలియనివారి దగ్గర కొన్న సీటులో కంటికి కనబడని పగులు ఉందో లేదో తెలుసుకునే మార్గం లేదు. మీ కారుకే ఓ మోస్తరు ప్రమాదం జరిగితే, సీటు పైకి బాగానే ఉన్నా మార్చాలి.

బూస్టర్, దాని తర్వాత

హార్నెస్ పరిమితి దాటిన పిల్లలకు బూస్టర్ కావాలి. దాని పని పట్టుకోవడం కాదు, ఎత్తు పెంచి పెద్దవాళ్ల బెల్టును సరైన ఎముకల మీదుగా నడపడం. పిల్లల తుంటి ఎముక పైఅంచు పూర్తిగా ఎదగదు గనుక, బూస్టర్ లేకపోతే నడుము బెల్టు జారి పొట్ట మీదికి ఎక్కుతుంది. దెబ్బకు కాలేయం, పేగులు, వెన్ను గాయపడతాయి. వీపు ఆనిక ఉన్న బూస్టర్ నిద్రపోయే పిల్లల తలను నిలబెడుతుంది, భుజం బెల్టుకు దారి చూపుతుంది కాబట్టి వీలున్నంతకాలం అదే మంచిది. బూస్టర్‌కు మూడు బిందువుల బెల్టు తప్పనిసరి, నడుము బెల్టు మాత్రమే ఉన్న చోట దాన్ని వాడకూడదు.

బూస్టర్ మానడానికి దేశాన్ని బట్టి చట్టం 135 సెంటీమీటర్లనో 150 సెంటీమీటర్లనో చెబుతుంది, కాని బెల్టు బిడ్డ ఒంటి మీద ఎలా కూర్చుందో అదే అసలు కొలత. వీపు పూర్తిగా సీటుకు ఆని ఉండగా మోకాళ్లు సీటు అంచు దగ్గర మడవాలి, నడుము బెల్టు తొడల మీద కిందుగా ఉండాలి, భుజం బెల్టు మెడకు రాసుకోకుండా భుజం మధ్యలోంచి పోవాలి, ఇవన్నీ ప్రయాణం చివరిదాకా జారిపోకుండా నిలవాలి. మెడకు గుచ్చుకుంటోందని బెల్టును చంక కింద నుంచి పెట్టుకునే పిల్లలు ఇంకా బూస్టర్ వయసులోనే ఉన్నట్లు. సీట్ల లోతు, బెల్టు ఎత్తు కారు కారుకూ మారుతాయి కాబట్టి, సొంత కారులో ఈ పరీక్ష నెగ్గిన పిల్ల బంధువుల కారులో నెగ్గకపోవచ్చు. బూస్టర్ మానిన తర్వాత కూడా పదమూడేళ్లు నిండేదాకా పిల్లలను వెనుక సీటులోనే కూర్చోబెట్టమని శిశువైద్యులు చెబుతారు. బెల్టు సరిగా కూర్చోని కార్ల కోసం ఆ చిన్న బూస్టరును డిక్కీలో ఇంకొంతకాలం ఉంచుకోవచ్చు.